యాంగిల్ ఒకటి కాదు, రెండు!

ప్రొజెక్టైల్ లెక్కల్లో చాలామంది మార్కులు పోగొట్టుకునే చోటు ఒకటుంది. ఫార్ములా రాక కాదు, సగంలో ఆగిపోయి.

బౌండరీ దగ్గర ఫీల్డర్ సెకనుకు 30 మీటర్ల వేగంతో బంతి విసిరాడు. కీపర్ 45 మీటర్ల దూరంలో ఉన్నాడు. ఏ కోణంలో విసరాలి? విసిరిన ఎత్తులోనే కీపర్ పట్టుకున్నాడు, గాలి నిరోధం లేదు, జీ విలువ 10 అనుకోండి.

రేంజ్, అంటే వ్యాప్తి. యూ స్క్వేర్ ఇంటూ సైన్ 2 తీటా, బై జీ. 900ని 10తో భాగిస్తే 90. అంటే 45 = 90 సైన్ 2 తీటా. సైన్ 2 తీటా విలువ సగం వచ్చింది. 2 తీటా 30, కాబట్టి తీటా 15 డిగ్రీలు అని రాసేసి పేజీ తిప్పేస్తాం. ఆగండి! సైన్ 150 కూడా సగమే కదా? అప్పుడు తీటా 75. రెండూ కలిపితే 90 రావాలి, చెక్ చేసుకోడానికి ఇదే గుర్తు.

మరి ఫీల్డర్‌కి ఏది కావాలి? బంతి గాల్లో ఉండే టైమ్ 2 యూ సైన్ తీటా బై జీ. 15 డిగ్రీలకి దాదాపు 1.55 సెకన్లు. 75కి 5.8 సెకన్లు! ఈలోపు బ్యాటర్లు హాయిగా ఒక రన్ తీసి రెండోదానికి బయల్దేరతారు. రనౌట్ కావాలంటే 15 డిగ్రీలే. ప్రశ్నలో "తక్కువ సమయంలో" అనో "ఎక్కువ ఎత్తుకు" అనో ఉందేమో చూడండి. ఏమీ లేదా, రెండూ రాయండి.

కీపర్ సరిగ్గా 90 మీటర్ల దూరంలో ఉంటే మాత్రం ఒకటే కోణం, 45. అదే 100 మీటర్లయితే? సైన్ విలువ 1 దాటిపోతుంది. ఎలా విసిరినా బంతి నేరుగా చేరదు. మీ ఫోన్ కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది, పాపం దాని తప్పేం లేదు.