చేయి మారిన డైవ్ కంప్యూటర్

విశాఖలోని ఋషికొండ వద్ద స్కూబా నేర్చుకొని వచ్చే ఉప్పల్, నాచారం యువకులకు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇంటర్నెట్‌లో చౌకగా కనబడే పాత డైవ్ కంప్యూటర్‌ను కొనవచ్చునా?

మణికట్టుకు గడియారం వలె ధరించే ఈ పరికరం కట్టేది ప్రాణంతో ముడిపడిన లెక్క. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఇంచుమించు ఒక వాయుమండల పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే, గోలీసోడా కొట్టినట్లు బుడగలు పుట్టి కీళ్ళనొప్పులు, ఒక్కొక్కప్పుడు పక్షవాతం సంభవిస్తాయి. హాల్డేన్ మేకలపై ప్రయోగాలు జరిపి 1908లో పట్టికలు ప్రకటించాడు. పట్టికల పనినే ఈ యంత్రం అనుక్షణం చేస్తుంది.

నాచారం కార్ఖానాకు పాత మీటరు కొనేవారు దానిని మంచి మీటరుతో పోల్చి చూస్తారు. డైవ్ కంప్యూటర్లో, బల్లమీద మంచిదీ చెడ్డదీ సున్నాయే చూపుతాయి! 1995 నాటి కొన్ని ఉవాటెక్ అలాదిన్ ఎయిర్ ఎక్స్ నైట్రాక్స్ యంత్రాలు, మనిషి ఒడ్డున మామూలు గాలి పీలుస్తున్నా ఆక్సిజన్ హెచ్చైన మిశ్రమమే పీలుస్తున్నాడని గణించి, నత్రజని త్వరగా తొలగిపోయినట్లు చూపేవి. 2003లో అమెరికాలో వాటిని వెనక్కు పిలిపించారు. కనుక నమూనా పేరు, వరుససంఖ్య తెలియనిదే బేరం తగదు. పాత యజమాని ఆక్సిజన్ 32 శాతమని అమర్చి వదిలితే, 21 శాతపు గాలితో దిగేవానికి లెక్క తప్పుతుంది. బ్యాటరీ గదిలో ఉప్పుచార ఉన్నదేమో చూడాలి.

ఏడాదికొకమారు మునిగేవారు అద్దెకు తీసుకొనడమే మేలని మా అభిప్రాయం. కొనదలచినవారు తయారీదారు ఇంకను మరమ్మతు చేసే నమూనానే ఎంచుకొని, తొలిసారి శిక్షకుని యంత్రంతో పాటు దించి లోతులు సరిచూడాలి. తేడా వస్తే తిరిగి తీసుకొంటానని అమ్మకందారు చేత ముందే వ్రాయించుకోవాలి.