నార్మల్‌ వచ్చింది గదా, ఇంక గోలీలెందుకు?

“బీపీ నార్మల్‌ వచ్చింది గదా సిస్టరమ్మా, ఇంక గోలీలెందుకు?”

మా సబ్‌సెంటర్‌లో నన్ను అందరూ అడిగే మాట ఇదే. సిరిసిల్ల పక్కన పల్లెల్లో ఏఎన్‌ఎంని నేను. ఇక్కడి ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతారు. ఎవరికి బీపీ ఉందో తెలుసుకోవడం సులువే, చేతికి పట్టీ చుట్టి చూస్తే చాలు. ఆ మనిషి ఏళ్ల తరబడి నెలనెలా వచ్చి గోలీలు తీసుకుపోయేలా చూడడమే కష్టం.

నొప్పి ఉంటే ఎవరూ మందు మరచిపోరు. బీపీకి నొప్పి ఉండదు, చాలామందికి తలనొప్పి కూడా రాదు. లోలోపల రక్తనాళాలు, గుండె, కిడ్నీలు దెబ్బతింటూనే ఉంటాయి. మూతి వంకరపోయి, మాట తడబడి, 108కి ఫోన్‌ చేసిన రోజున ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. అందుకే ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెబుతాను: “గోలీ వేసుకుంటున్నవు గాబట్టే నార్మల్‌ ఉంది పెద్దమ్మా. బంద్‌ చేస్తే కొన్నిరోజులకే మళ్ల పెరుగుతది.”

కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్‌, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్రాలు కలిసి 2017 చివర్లో బీపీ అదుపు కార్యక్రమం ఒకటి మొదలుపెట్టాయి. మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. అందులో కొత్త మందేమీ లేదు. అమ్లోడిపిన్‌, టెల్మిసార్టాన్‌ వంటి పాత, చవక గోలీలే. ముందు ఏది ఇవ్వాలి, తగ్గకపోతే ఎంత పెంచాలి, దానికి ఏది కలపాలి అన్నది డాక్టర్లందరికీ ఒకటే పద్ధతి. నెలకు సరిపడా గోలీలు దగ్గర్లోనే దొరకాలి. మనిషికో కార్డు. గడువు దాటినా రానివాళ్ల పేర్లు ఏరి ఫోన్‌ చేయాలి, ఎత్తకపోతే ఆశా అక్క ఇంటికి వెళ్లాలి. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. నన్నడిగితే అందులో పెద్ద వాటా రానివాళ్ల జాబితాలదే.

ఎందుకు రారో ఇళ్లకు పోతేనే తెలుస్తుంది. నాట్ల రోజుల్లో దవాఖానాకొస్తే ఆ పూట కూలి పోతుంది. బిడ్డ కాన్పుకని వెళ్లినామె అక్కడే రెండు నెలలుంటుంది. గోలీ మొదలుపెట్టాక పాదాలు వాచాయని ఎవరితోనూ చెప్పకుండా మానేసినవాళ్లుంటారు. అమ్లోడిపిన్‌తో కొందరికి అలా అవుతుంది. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్‌ లాంటి గోలీలు రోజూ మింగేవాళ్లకైతే బీపీ మందు వేసుకున్నా సరిగ్గా తగ్గదు. ఆ నొప్పి గోలీలే బీపీని పెంచుతాయి. అందుకే వేరే ఏం గోలీలు వాడుతున్నారో కొంగుముడి విప్పించి మరీ చూస్తాను.

ఎండలో నడిచొచ్చి, బీపీ చూడమని నిలబడే చెయ్యి చాపుతారు. అలా చూస్తే లెక్క తప్పుతుంది. అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా, మాట్లాడకుండా కూర్చోవాలి. అంతకు అరగంట ముందు చాయ్‌, బీడీ వద్దు. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటితే డాక్టరు దగ్గరికి పంపుతాం. 180/110 దాటితే ఆ రోజే.

ఉప్పు సంగతి వంటింట్లోనే మాట్లాడాలి. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఇళ్లలో అంతకు చాలా ఎక్కువే పడుతుంది. చప్పిడి తినమంటే ఎవరు వింటారు? పెరుగన్నంలో ఉప్పు వేసుకోవద్దంటాను. తొక్కు రోజూ వద్దు, ఎప్పుడన్నా తినండి అంటాను. కోడలిని కూడా పిలిచి చెబుతాను, కూర వండేది ఆమె కాబట్టి.

మహారాష్ట్రలోని భివండిలో కొడుకుల దగ్గరికి పోయేవాళ్లు మా దగ్గర చాలామంది. పోయే ముందు చెబితే డాక్టరుతో మాట్లాడి రెండు నెలల గోలీలు ఇప్పిస్తాను. కార్డు బట్టల సంచిలో పెట్టుకోమంటాను. అక్కడి సర్కారు దవాఖానాలో అది చూపిస్తే, భాష రాకపోయినా, ఏ గోలీ ఎంత మోతాదులో ఇవ్వాలో వాళ్లకు తెలుస్తుంది.