ఎడారిలో చినుకు లెక్క

అరిజోనా మీదుగా శీతకాలపు తుపాను దాటిపోతే దాని లెక్క రెండు అంకెల్లో తేలుతుంది. ఫీనిక్స్ నగరంలో పడిన వాన ఒకటి, ఫ్లాగ్‌స్టాఫ్ కొండ పట్నంలో కురిసిన మంచు రెండోది. అమెరికా నైరుతి మూలనున్న ఈ రాష్ట్రంలో ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు దూరం సుమారు 230 కిలోమీటర్లే. ఎత్తులో మాత్రం తేడా దాదాపు 1,800 మీటర్లు. సోనోరన్ ఎడారిలో ఉన్న ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి సగటు వర్షపాతం 183 మిల్లీమీటర్లు. కరవు సీమగా పేరుపడిన అనంతపురంలో కురిసే వానలో ఇది మూడో వంతు. పైనున్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో మాత్రం ఏటా సగటున 90 అంగుళాల మంచు, అంటే రెండు మీటర్లకు పైగా కురుస్తుంది.

ఫీనిక్స్ వాడుకునే నీటిలో అధిక భాగం సాల్ట్, వెర్డే, కొలరాడో నదులది. ఆ నదులను నింపేది ప్రధానంగా కొండల మీద కరిగే మంచు. అందువల్ల ఒక్కో తుపాను ఎక్కడ ఎంత కురిసిందో కొలిచి రాసిపెట్టడమంటే అక్కడ నీటి పద్దు రాసుకోవడమే.

తుపాను వచ్చే దారి

అరిజోనాకు ఏడాదిలో రెండు వాన కాలాలు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా ఉండేది వేసవి రుతుపవనం. అప్పటి వానలు ఉరుములతో వచ్చి, ఒక పేటను ముంచెత్తి, పక్క పేటను ఎండగట్టి పోతాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా వచ్చే తుపానుల తీరు వేరు. పసిఫిక్ మహాసముద్రం మీద పుట్టిన అల్పపీడనాలను జెట్ ప్రవాహం తూర్పుకు తోసుకొస్తుంది. ఆ ప్రవాహం దక్షిణానికి వంగినప్పుడు అవి అరిజోనా మీదుగా సాగుతాయి. వందల కిలోమీటర్ల మేర మబ్బు కమ్మి, గంటల తరబడి నింపాదిగా కురుస్తుంది.

వీటిలో ఎక్కువ నీటిని మోసుకొచ్చేవి ‘వాతావరణ నదులు’. ఉష్ణమండల సముద్రం మీది తేమ సన్నని, పొడవాటి పట్టీగా ఆకాశంలో ప్రవహించడాన్ని శాస్త్రవేత్తలు అలా పిలుస్తారు. ఆ తేమ నేరుగా పడమర నుంచి వస్తే కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలే చాలా మటుకు పిండేసుకుంటాయి. నైరుతి నుంచి, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం మీదుగా వస్తే అరిజోనాకు పెద్ద వాటా దక్కుతుంది. రాష్ట్రం నడుమ అడ్డంగా గోడలా లేచిన మొగోయాన్ రిమ్ అంచును ఆ గాలి ఎక్కాలి. ఎక్కే కొద్దీ చల్లబడి తేమను వదిలేస్తుంది. ఒకే తుపానులో కింద ఎడారిలో పడిన దానికి కొన్ని రెట్లు రిమ్ మీద కురవడానికి కారణం ఇదే.

వానా, మంచా అన్నది ఉష్ణోగ్రత తేలుస్తుంది. పైకి పోయే కొద్దీ గాలి ప్రతి వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. మంచు వానగా మారే ఎత్తును ‘మంచు రేఖ’ అంటారు. ఉష్ణమండలపు తేమతో వచ్చే వెచ్చని తుపానులో ఈ రేఖ బాగా పైకి జరిగి, కొండల మీద కూడా వానే పడుతుంది. ఉత్తరం నుంచి దిగే చల్లని తుపానులో అది ఎడారి అంచు దాకా దిగుతుంది. ఫీనిక్స్ చరిత్రలో అత్యధిక హిమపాతం ఒక్క అంగుళం. 1933లో ఒకసారి, 1937లో మరోసారి అంత కురిసింది.

ఎల్ నినో ఏడాదుల్లో ఈ తుపానులు పెరుగుతాయని, లా నినాలో తగ్గుతాయని ఒక సాధారణ సూత్రం ఉంది. అన్నిసార్లూ అది నిలవదు. బలమైన ఎల్ నినో ఉన్న 2015-16 శీతకాలం అరిజోనాను నిరాశపరిచింది. లా నినా నడుస్తున్న 2022-23లో మంచు విస్తారంగా కురిసింది. ముందస్తు అంచనాలు ఇలా తప్పగలవు కాబట్టే కొలతకు అంత విలువ.

వానను కొలిచే తీరు

అమెరికా జాతీయ వాతావరణ సేవ వాడే ప్రామాణిక వర్షమాపకం మూతి వ్యాసం ఎనిమిది అంగుళాలు. లోపలి గొట్టం అడ్డుకోత వైశాల్యం మూతి వైశాల్యంలో పదో వంతు. కనుక అంగుళం వాన పడితే గొట్టంలో పది అంగుళాల నీరు నిలుస్తుంది. అంగుళంలో నూరో వంతును, అంటే పావు మిల్లీమీటరును కూడా కంటితో చదవడం దీనివల్ల సులువవుతుంది. అంతకన్నా తక్కువ పడితే అంకె వేయరు, ‘ట్రేస్’ అని రాస్తారు. ఎన్ని ట్రేసులు కలిపినా ట్రేసే. ఎడారిలో ఈ నియమానికి ప్రాధాన్యం ఎక్కువ. 1972 జూన్‌లో ముగిసిన ఫీనిక్స్ రికార్డు పొడి కాలం 160 రోజులు. కొలవదగిన వాన పడితేనే అలాంటి లెక్క తెగుతుంది, నాలుగు తుంపర్లు రాలినంత మాత్రాన తెగదు.

నగరానికి అధికారిక అంకె స్కై హార్బర్ విమానాశ్రయంలోని ఒక్క పరికరం ఇచ్చేదే. అది నగరమంతటికీ వర్తించదు. ఈ లోటును పూడ్చేది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ వరద నియంత్రణ సంస్థ. వాగులు, ఆనకట్టలు, కొండ వాలుల మీద అది 300కు పైగా వర్షమాపకాలను నడుపుతోంది. వాటిలో ఉండేది ‘టిప్పింగ్ బకెట్’ యంత్రం. రెండు చిన్న దొప్పలు తూగుడు బల్లలా అమరి ఉంటాయి. ఒక మిల్లీమీటరు వాన చేరగానే నిండిన దొప్ప ఒరిగి ఖాళీ అవుతుంది, రెండోది మూతి కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ రేడియో సంకేతం కేంద్రానికి చేరుతుంది. ఏ వాగు మీద ఏ వేగంతో వాన పడుతోందో కూర్చున్న చోటి నుంచే తెలుస్తుంది. ఆకస్మిక వరద హెచ్చరికలకు ఆధారం ఈ సంకేతాలే.

ఖాళీలను నింపే మూడో వర్గం పౌరులు. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణాన్ని 1997 జులైలో వరద ముంచెత్తింది. ఊరికి ఒక పక్క కుంభవృష్టి, మరో పక్క అందులో కొద్ది భాగమే పడింది. ఆ తేడాను ఉన్న పరికరాలు పట్టుకోలేకపోయాయి. ఆ అనుభవంతో 1998లో పుట్టిన స్వచ్ఛంద కొలతదారుల వ్యవస్థ ‘కోకోరాస్’ ఇప్పుడు అమెరికా అంతటా ఉంది. నాలుగు అంగుళాల మూతి ఉన్న ప్లాస్టిక్ గొట్టాన్ని పెరట్లో బిగించి, ఉదయం ఏడు గంటల ప్రాంతంలో చదివి నమోదు చేయడమే పని. తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన చాండ్లర్, గిల్బర్ట్, టెంపే పట్టణాలున్నది కూడా ఫీనిక్స్ చుట్టూ ఉన్న ఈ ఎడారి లోయలోనే. ఆసక్తి ఉన్న ఎవరైనా కోకోరాస్‌లో చేరవచ్చు.

మంచుతో వచ్చే చిక్కు

వాన కొలతకన్నా మంచు కొలత కష్టం. మంచు గాలికి ఎగిరి ఒకచోట గుట్టపడుతుంది, మరోచోట నేల తేలుతుంది. తన బరువుకు తానే కుంగుతుంది. అందుకే తెల్ల రంగు వేసిన చెక్క పలకను గాలి దెబ్బ తగలని చోట పెట్టి, దాని మీద పడిన మంచును స్కేలుతో అంగుళంలో పదో వంతు వరకు కొలుస్తారు. కొలిచాక పలకను తుడుస్తారు. ఇలా తుడవడం ఆరు గంటలకు ఒకసారికి మించకూడదన్నది నియమం. గంట గంటకూ తుడిస్తే మంచు కుంగే వ్యవధి ఉండదు, అప్పుడు మొత్తం అసలుకన్నా పెరిగి కనిపిస్తుంది.

వర్షమాపకంలో మంచును పట్టాలన్నా ఇబ్బందే. గొట్టం అంచున సుడి తిరిగే గాలి తేలికపాటి రేకులను పక్కకు తోసేస్తుంది. ఈదురుగాలిలో పడాల్సిన మంచులో సగం కూడా గొట్టంలోకి చేరకపోవచ్చు. దీన్ని తగ్గించడానికి చుట్టూ లోహపు రేకులతో గాలి తడిక కడతారు. వేడిచేసే ఏర్పాటు లేని పరికరంలో మంచు గరాటులోనే పేరుకుంటుంది, తెల్లవారి ఎండకు కరిగి నిర్మలాకాశం కింద ‘వాన’గా నమోదవుతుంది. అలాంటి అంకెలను గుర్తించి సవరించడం పరిశీలకుల పనిలో భాగం. తుపాను నాడు వెలువడేవి ప్రాథమిక గణాంకాలు మాత్రమే. తనిఖీ అయ్యాకే అవి చరిత్రకెక్కుతాయి.

ఫ్లాగ్‌స్టాఫ్ రికార్డులు ఈ పద్ధతిలో నిలిచినవే. 2019 ఫిబ్రవరి 21న అక్కడ ఒక్క రోజులో 35.9 అంగుళాల మంచు కురిసింది. 1915 డిసెంబరు నాటి 31 అంగుళాల రికార్డు దాంతో చెరిగిపోయింది. అదే తుపాను మరునాడు ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న ఉత్తర స్కాట్స్‌డేల్‌లోనూ, దక్షిణాన టూసాన్‌లోనూ మంచు కురిపించింది. 1967 డిసెంబరులో ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఎనిమిది రోజుల్లో 86 అంగుళాలు పడి ఊళ్లు దిగ్బంధమయ్యాయి. నవాహో ఆదివాసీ ప్రాంతంలో చిక్కుకున్న జనానికి ఆహారం, పశువులకు గడ్డి విమానాల నుంచి జారవిడిచారు.

రాడార్‌కు కనిపించనిది

ఫీనిక్స్, ఫ్లాగ్‌స్టాఫ్, టూసాన్, యూమా పరిసరాల్లో వాతావరణ రాడార్లున్నాయి. అయినా మాపకాల అవసరం తీరలేదు. కొండలు రాడార్ కిరణాలకు అడ్డొస్తాయి. కిరణం దూరం పోయే కొద్దీ నేల నుంచి పైకి లేస్తుంది. శీతకాలపు మబ్బులు కిందుగా ఉంటాయి కనుక వాటి పైనుంచే దాటిపోతుంది. కరుగుతున్న మంచు రేకులు నీటి పొరతో మెరిసి భారీ వానలా భ్రమ కలిగిస్తాయి. ఎడారికే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. మబ్బు కింద గాలి మరీ పొడిగా ఉండటంతో చినుకులు నేల చేరకముందే ఆవిరైపోతాయి. రాడార్ తెర మీద వాన ఉంటుంది, వాకిట్లో ఉండదు. అందుకే రాడార్ అంచనాను నేల మీది మాపకాలతో సరిచూసి, రెండింటినీ కలిపి వర్షపాత పటాలు తయారుచేస్తారు.

కాలం హద్దులు కూడా లెక్కను మారుస్తాయి. భారత వాతావరణ శాఖ దినం ఉదయం 8.30తో మొదలై మరునాటి ఉదయం 8.30తో ముగుస్తుంది. అమెరికా విమానాశ్రయాల్లో అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఒక రోజు. స్వచ్ఛంద పరిశీలకులకు ఉదయం ఏడు నుంచి ఏడు. ఒకే తుపాను ఒకరి పుస్తకంలో ఒక రోజు వానగా, మరొకరి పుస్తకంలో రెండు రోజుల వానగా పడుతుంది. నీటి సంవత్సరం మాత్రం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. శీతకాలపు మంచు, వసంతంలో దాని కరుగు నీరు ఒకే పద్దులో ఉండాలన్నది అందులోని ఉద్దేశం.

అంగుళాల నుంచి టీఎంసీలకు

మంచు లోతు తెలిస్తే నీరెంతో తెలిసినట్టు కాదు. పది అంగుళాల మంచుకు ఒక అంగుళం నీరన్నది స్థూలమైన అంచనా. తడి మంచులో అయిదారు అంగుళాలకే అంగుళం నీరు రావచ్చు. పొడి మంచులో పదిహేను, ఇరవై అంగుళాలు కావాలి. అందుకే జలాశయాల అధికారులు లోతు కాకుండా ‘మంచులోని నీటి మట్టం’ అడుగుతారు. ఈ కొలతకు దారి వేసినవాడు జేమ్స్ చర్చ్. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ బోధించే ఆయన 20వ శతాబ్దం తొలి దశకంలో మౌంట్ రోజ్ శిఖరం మీద బోలు గొట్టాన్ని మంచులో దింపి, లోపల చిక్కిన మంచును తూచి నీటి లెక్క తేల్చాడు.

ఇప్పుడు ఆ పని ‘స్నోటెల్’ కేంద్రాలు చేస్తున్నాయి. అమెరికా పశ్చిమ కొండల్లో ఇలాంటివి సుమారు 900 ఉన్నాయి. గడ్డకట్టని ద్రవంతో నింపిన పరుపు నేల మీద ఉంటుంది, దాని మీద పేరుకున్న మంచు బరువు నీటి మట్టంగా నమోదవుతుంది. మొదట్లో వీటి సంకేతాలు ఉల్కలు ఆకాశంలో వదిలే అయనీకృత జాడల మీద పడి పరావర్తనం చెంది కేంద్రానికి చేరేవి. ఇటీవల ఉపగ్రహ, సెల్‌ఫోన్ సంకేతాలు వాటి స్థానంలోకి వచ్చాయి. అరిజోనాలో బేకర్ బ్యూట్, స్నోస్లైడ్ కాన్యన్ కేంద్రాల అంకెలను, ఫీనిక్స్ ప్రాంతానికి నీరందించే సాల్ట్ రివర్ ప్రాజెక్టు అధికారులు శీతకాలమంతా గమనిస్తుంటారు.

ఆ ప్రాజెక్టు పరీవాహక ప్రాంతం 13,000 చదరపు మైళ్లు, అంటే దాదాపు 33,700 చదరపు కిలోమీటర్లు. అంతటా సగటున ఒక్క మిల్లీమీటరు నీరు పడినా 1.2 టీఎంసీలవుతుంది. అందులో చాలా భాగాన్ని నేల, చెట్లు, పొడి గాలి తీసుకుంటాయి. మిగిలినది రూజ్‌వెల్ట్ డ్యామ్ వంటి జలాశయాలకు చేరుతుంది. 1911లో ప్రారంభమైన ఆ డ్యామ్ నిల్వ సామర్థ్యం సుమారు 72 టీఎంసీలు.

నీరు చాలకపోవడమే కాదు, ఒక్కసారిగా రావడం కూడా ముప్పే. 1980 ఫిబ్రవరిలో వరుస తుపానులకు ఫీనిక్స్‌లో ఎప్పుడూ ఎండి ఉండే సాల్ట్ నదిలో 1.7 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. నగరాన్ని రెండుగా చీల్చిన ఆ ప్రవాహం మీద రెండు వంతెనలే వాడుకకు మిగిలాయి. 1993 జనవరిలో టెంపే వద్ద నిర్మాణంలో ఉన్న మిల్ అవెన్యూ కొత్త వంతెన కొట్టుకుపోయింది. పేరుకున్న మంచు మీద వెచ్చని వాన పడితే రెండూ కలిసి ఒకేసారి నదిలోకి దూకుతాయి. అలాంటి వరదలను తట్టుకోవడానికి రూజ్‌వెల్ట్ డ్యామ్‌ను 77 అడుగులు పెంచారు, ఆ పని 1996లో ముగిసింది. 2023 వసంతంలో మంచు పరుపుల లెక్కలు ముందే హెచ్చరించడంతో జలాశయాల్లో చోటు కోసం నీటిని క్రమంగా వదిలారు. ఫీనిక్స్ నడుమ సాల్ట్ నది వారాల తరబడి పారింది.

తుపాను ముగిసిన రోజు వార్తల్లో వినిపించే అంగుళాలు ఎడారి నగరానికి దక్కిన నీటిని చెప్పవు. అలాంటి అంకె ఎదురైనప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. కొలిచిన చోటు ఎంత ఎత్తున ఉంది, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు కొలిచారు, మంచైతే అందులో నీరెంత. ఈ మూడూ తెలిస్తేనే అది లెక్క కిందికి వస్తుంది.