డాలర్లల్ల చూస్తే చీపే.. కూలి రోజుల్ల లెక్కేస్తే?

వాట్సాప్ గ్రూపులల్ల ఓ ఫొటో అప్పుడప్పుడు తిరుగుతుంటది. అమెరికాల ఎవరికో చెయ్యి విరిగితే దవాఖానోళ్లు వేసిన బిల్లు. డాలర్లను రూపాయలల్లకు మార్చి కింద ఎర్ర అక్షరాలతోటి రాస్తరు. 'అమ్మో, మన దగ్గరైతే ఇది వేలల్ల అయిపోవు' అని అందరం నోరెళ్లబెడ్తం. ఇండియాల వైద్యం చీప్ అని గర్వపడ్తం. తర్వాత ఇంకో ఫొటోకు పోతం.

నేను కూడా గట్లనే అనుకునేటోన్ని. నాలుగేండ్ల కింద మా పెద్దబాపుకు తెల్లారుజామున ఛాతిల నొప్పి లేచింది. ఆటోల ఏసుకొని టౌన్‌ల ఉన్న ఓ ప్రైవేట్ దవాఖానకు తీస్కపోయినం. గుండె నరాలు రెండు మూసుకపోయినయ్, స్టెంట్లు వెయ్యాలె అన్నరు. వేసిన్రు, మనిషి బతికిండు. బిల్లు 2 లక్షల 60 వేలు. ఇంట్ల ఉన్నయి ఇరవై వేలు. మిగిలినయి నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినం. అప్పుడే అమెరికాల ఉండే మా చుట్టం ఒకాయన ఫోన్ చేసి ధైర్యం చెప్పిండు. 'ఇక్కడైతే ఇదే పనికి ఎన్ని లక్షలైతుండెనో, అక్కడ చీప్‌ల అయిపోయింది, సంతోషపడుర్రి' అన్నడు. ఆయన మాటల అబద్ధం లేదు. కానీ పెద్దబాపు మొకంల సంతోషం కూడా లేదు. ఆ రెండూ ఎట్ల నిజమైనయో చెప్పేందుకే ఈ రాత.

లెక్క ఎక్కడ తప్పుతున్నం?

మనం రెండు దేశాల బిల్లులను పోలుస్తం. పోల్చాల్సింది బిల్లులను కాదు, ఆ బిల్లు కట్టేతందుకు మనిషి ఎన్ని రోజులు పని చెయ్యాల్నో ఆ లెక్క. ఇంకొకటి, ఆ బిల్లుల ఎంత భాగం రోగి జేబుల నుంచి పోతదో ఆ లెక్క.

గుండె బైపాస్ ఆపరేషన్ తీస్కుందాం. అమెరికాల ఇన్సూరెన్స్ లేనోనికి దవాఖాన వేసే బిల్లు లక్ష డాలర్లు దాటొచ్చు. డాలర్‌కు 85 రూపాయల లెక్కన 85 లక్షలు. మన దగ్గర మామూలు ప్రైవేట్ దవాఖానల 3 లక్షలు అనుకుందాం. గట్ల చూస్తే తేడా 28 రెట్లు. ఇగ ఇదే లెక్కను కూలి రోజుల్ల చూడుర్రి.

అమెరికాల కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస కూలి గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అదే ఉన్నది. రోజుకు 8 గంటలైతే 58 డాలర్లు. లక్ష డాలర్లంటే 1,724 రోజుల కూలి. మన దగ్గర 2025-26ల ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. 3 లక్షలంటే 977 రోజుల కూలి. 28 రెట్ల తేడా రెండు రెట్ల కిందికి పడిపోయింది.

ఇంకో మెట్టు కిందికి దిగుదాం. అమెరికాల వంద మందిల దాదాపు 92 మందికి ఏదో ఒక ఇన్సూరెన్స్ ఉన్నది. 2010ల తెచ్చిన ఒబామాకేర్ చట్టం కింద కొనుక్కునే పాలసీలకు ఒక గీత గీసిన్రు. ఆ పాలసీ ఒప్పుకునే దవాఖానలల్ల చూపించుకుంటే, ఒక మనిషి ఏడాదిల తన జేబుల నుంచి కట్టాల్సింది 2025ల 9,200 డాలర్లు దాటొద్దు. బైపాస్ అయినా, క్యాన్సర్ అయినా అంతే. 58 డాలర్ల కూలోనికి అది 159 రోజుల పని. నెలనెలా కట్టే ప్రీమియం దీనికి అదనం, అది తక్కువేం కాదు. అయినా మా పెద్దబాపు బిల్లు ఎన్ని రోజుల కూలో లెక్కేసి చూడుర్రి. 2 లక్షల 60 వేలను 307తోటి భాగిస్తే 847 రోజులు.

అంటే అమెరికా వైద్యం బాగున్నదని కాదు. ఆ దేశం 2023ల వైద్యం మీద 4.9 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. మనిషికి సగటున 14,500 డాలర్ల పైనే. అయినా రెండున్నర కోట్ల మందికి పైగా ఇన్సూరెన్సే లేదు. వాళ్ల గోస మన గోస లెక్కనే ఉంటది. నేను చెప్పేది ఒక్కటే. 'చీప్' అనే మాట డాలర్లు చేతిల పట్టుకొని వచ్చేటోనికి నిజం. రూపాయల కూలి చేసేటోనికి కాదు.

మన దగ్గర తక్కువ ఎందుకైతది?

డాక్టర్లు, నర్సుల జీతాలు ఇక్కడ తక్కువ. ఒక్కో దవాఖానల రోజుకు చేసే ఆపరేషన్లు ఎక్కువ. ఈ రెండూ అందరికీ తెలిసినయే. మూడోది మందుల ధర. దీంట్ల మన హైదరాబాద్ కథ ఉన్నది.

1970ల వచ్చిన పేటెంట్ చట్టం మందుకు కాకుండా, మందు తయారు చేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. ఇంకో పద్ధతిల అదే మందు చెయ్యొచ్చు. బాలానగర్‌ల పెట్టిన ఐడీపీఎల్ అనే సర్కారు కంపెనీల పని నేర్చుకున్నోళ్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టిన్రు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కూడా అండ్ల పని చేసినోడే. 2005ల చట్టం మారి మందులకే పేటెంట్ వచ్చింది. కానీ ధర జనానికి అందకపోతే వేరే కంపెనీకి లైసెన్స్ ఇచ్చే అవకాశాన్ని చట్టంల ఉంచిన్రు.

2012ల దాన్ని మొదటిసారి వాడిన్రు. కిడ్నీ, లివర్ క్యాన్సర్‌కు వాడే నెక్సావర్ అనే మందుకు బేయర్ కంపెనీ నెలకు 2 లక్షల 80 వేలు తీస్కునేది. హైదరాబాద్‌ల ఉన్న నాట్కో కంపెనీకి లైసెన్స్ ఇస్తే అదే మందు 8,800 రూపాయలకు వచ్చింది. హెపటైటిస్-సీ మందు సోఫోస్‌బువిర్ కథ ఇంకోటి. 2013ల అమెరికాల ఒక్క గోలీ ధర వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సుకు 84 వేల డాలర్లు. 2015ల నాట్కో దాన్నే 28 గోలీల డబ్బా 19,900 రూపాయలకు తెచ్చింది. మూడు డబ్బాలకు 60 వేల లోపు.

ఇది మామూలు విషయం కాదు. మందు చెయ్యనీకె అయ్యే ఖర్చు వేరు, మందు అమ్మే ధర వేరు అని ఈ రెండు కథలు చూపిచ్చినయ్. ధర ఎక్కువున్నదా తక్కువున్నదా అన్నది సైన్స్ తేల్చే విషయం కాదు. చట్టం, సర్కారు తేలుస్తయ్.

స్టెంట్ ధర తగ్గింది, బిల్లు ఎందుకు తగ్గలె?

2017 ఫిబ్రవరిల కేంద్రం స్టెంట్ల ధరకు గీత గీసింది. అంతకుముందు లక్ష దాటి ఉన్న మందుపూత స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. అదే ఏడాది ఆగస్టుల మోకాలి చిప్పల ధర కూడా తగ్గించిన్రు. స్టెంట్ గరిష్ఠ ధర తర్వాత కొంత పెరిగినా ఇప్పటికీ 40 వేల లోపే ఉన్నది.

మరి మా పెద్దబాపుకు రెండు స్టెంట్లకు 80 వేల లోపే కావాలె కదా? మిగిలిన లక్షా 80 వేలు ఎక్కడివి? ఐసీయూ రూము, ఆపరేషన్ చార్జీ, డాక్టర్ ఫీజు, టెస్టులు, చేతికి వేసుకునే గ్లవుజుల దాకా. స్టెంట్‌కు గీత ఉన్నది, ఐసీయూ బెడ్డుకు గీత లేదు. ఒక కాడ నొక్కితే ఇంకో కాడ ఉబ్బినట్టు ఉంటది బిల్లు.

లండన్‌ల, గల్ఫ్‌ల ఎట్లుంటది?

బ్రిటన్‌ల 1948 నుంచి ఎన్‌హెచ్ఎస్ అని సర్కారు దవాఖానల వ్యవస్థ నడుస్తున్నది. పన్నుల పైసలతోటి నడిచే దవాఖానలు అవి. ఆపరేషన్ అయినంక బిల్లు చేతిల పెట్టరు. కానీ ఆపరేషన్ కోసం నెలల తరబడి లైన్ల ఉండాల్సి వస్తది. ఇక్కడి నుంచి పోయేటోళ్లకు అది ఫ్రీ కూడా కాదు. వీసా అప్పుడే ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జి కట్టిచ్చుకుంటరు. స్టూడెంట్లకు 776 పౌండ్లు. చదువుకోనీకె పోయేటోళ్లు ఫీజు, హాస్టల్ లెక్కేస్తరు గానీ దీన్ని మర్చిపోతరు.

గల్ఫ్ ముచ్చట మన పల్లెలకు ఇంకా దగ్గరిది. సౌదీ, యూఏఈ దేశాలల్ల కంపెనీనే పనోనికి హెల్త్ ఇన్సూరెన్స్ కట్టాలె. కార్డున్నోనికి పర్వాలేదు. విజిట్ వీసా మీద పోయి పనికి కుదిరినోనికి, కంపెనీ విడిచిపెట్టి కల్లివెల్లి అయినోనికి కార్డ్ ఉండది. జబ్బు చేస్తే దాచిపెట్టుకుంటరు, ముదిరినంక దవాఖానకు పోతరు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పోయేటోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేండ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేండ్లకు 375, పైన పన్ను. ప్రమాదంల చనిపోయినా, పని చెయ్యలేనంత దెబ్బ తగిలినా 10 లక్షలు వస్తయ్. చానా ఇండ్లల్ల ఆ పాలసీ కాయితం ఎక్కడున్నదో కూడా తెల్వది. పోయేముందు ఫొటో తీసి ఇంట్లోళ్ల ఫోన్‌ల పెట్టి పోవాలె.

కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో అమెరికా పోయే ముసలోళ్ల ముచ్చట కూడా చెప్పాలె. విజిటర్ ఇన్సూరెన్స్ తీస్కున్నం కదా అని ధీమాగ ఉంటరు. అండ్ల చానా పాలసీలు పాత రోగాలకు పైసలియ్యవు. షుగర్, బీపీ ఉన్నోళ్లకు అసలు భయం వాటితోటే. ఆ ఒక్క షరతు చదవకుండ విమానం ఎక్కొద్దు.

మన దగ్గర దారి ఉన్నది, తెలుస్తలేదు

పెద్దబాపు ఇంటికొచ్చిన నెల రోజులకు తెలిసింది. ఆయనకు తెల్లకార్డు ఉన్నది. స్టెంట్ల ఆపరేషన్ ఆరోగ్యశ్రీల ఉన్నది. అదే టౌన్‌ల, మేం పోయిన దవాఖానకు రెండు గల్లీల అవతల ఆరోగ్యశ్రీ నడిచే దవాఖాన ఉన్నది. మమ్మల్ని ఎవరూ అడగలె, మేమూ ఎవర్నీ అడగలె. ఆ ఒక్క ప్రశ్న ఖరీదు నెలకు 4,800 రూపాయల మిత్తి. నొప్పి లేచిన గడియల అవన్నీ ఆలోచించే తెలివి ఎవరికీ ఉండది. అందుకే ముందే తెలిసుండాలె.

ఆరోగ్యశ్రీ 2007ల ఉమ్మడి రాష్ట్రంల షురూ అయింది. తెలంగాణల 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచిన్రు. 2024 నుంచి 70 ఏండ్లు నిండినోళ్లకు ఆదాయంతోటి పని లేకుండ ఆయుష్మాన్ భారత్‌ల 5 లక్షల కవర్ ఉన్నది. కాయితం మీద ఇది అమెరికోని పాలసీ కంటే మంచిది. మన జేబుల నుంచి రూపాయి పోవద్దు. కానీ బకాయిలు ఇస్తలేరని నెట్‌వర్క్ దవాఖానలు 2025ల సేవలు బంద్ పెట్టినయ్. కార్డున్నా బెడ్ దొరకకపోతే ఆ 10 లక్షలు అంకె మాత్రమే.

దేశం మొత్తం చూస్తే కొంత మార్పైతే వచ్చింది. 2013-14ల వైద్యం ఖర్చుల వంద రూపాయలకు 64 రూపాయలు జనం జేబుల నుంచి పోయేటియి. 2021-22 నాటికి అది 39కి తగ్గిందని కేంద్రం లెక్కలు చెప్తున్నయ్. కానీ సర్కార్లు అన్నీ కలిసి వైద్యానికి పెట్టేది ఆ ఏడాది జీడీపీల 1.84 శాతమే. 2025 నాటికి 2.5 శాతం చేస్తమని 2017 హెల్త్ పాలసీల రాసుకున్నరు.

మనం చెయ్యగలిగేది

ఈ రాత చదివేటోళ్లు ఎక్కువ మంది ఊర్లల్ల ఉండే పోరగాండ్లే. ఇంట్ల ఎవరికన్నా బాగలేకపోతే ఫోన్ పట్టుకొని ఉరికేది మీరే. అందుకే నాలుగు మాటలు.

ఒకటి, మీకు దగ్గర ఉన్న ఏ దవాఖానల ఏ రోగానికి ఆరోగ్యశ్రీ ఉన్నదో ఇయ్యాలనే 104కు ఫోన్ చేసి తెలుసుకోర్రి. ఆయుష్మాన్ కోసం 14555. దవాఖానల ఆరోగ్యమిత్ర ఎక్కడ కూసుంటరో ముందే చూసి పెట్టుకోర్రి.

రెండు, అడ్మిట్ చేసేముందు ఎంతైతదో కాయితం మీద రాసియ్యమని అడుగుర్రి. 2010ల వచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద పెట్టిన రూల్స్ ప్రకారం దవాఖాన రేట్లు అందరికీ కనబడేటట్టు, స్థానిక భాషల కూడా పెట్టాలె.

మూడు, బిల్లుల వస్తువు వస్తువుకు లెక్క అడుగుర్రి. స్టెంట్ అయితే దాని కంపెనీ పేరు, ధర వేరుగ రాసి ఉండాలె.

నాలుగు, షుగర్, బీపీ గోలీలు రోజూ వేసుకునేటోళ్లుంటే జన ఔషధి దుకాణంల ధర ఒకసారి చూసి రార్రి.

ఇవన్నీ చేసినా సర్కారు చెయ్యాల్సిన పని సర్కారే చెయ్యాలె. బకాయిలు కట్టుడు, జిల్లా దవాఖానల గుండె డాక్టర్‌ను పెట్టుడు, ఐసీయూ రేటుకు కూడా ఒక గీత గీసుడు మనతోటి అయ్యే పనులు కావు. అడుగుడు మాత్రం మనతోటి అయితది.

పెద్దబాపు ఇప్పుడు బాగనే ఉన్నడు. అప్పు ఇంకా తీరలె. మొన్న వాట్సాప్‌ల మళ్లా ఓ అమెరికా బిల్లు ఫొటో వస్తే చూపించిన. కండ్లజోడు పెట్టుకొని మొత్తం చూసిండు. 'గంత బిల్లా' అని ఆశ్చర్యపోతడనుకున్న. ఆయన అడిగింది ఒక్కటే.

'వానికి రోజుకు కూలెంతరా?'