పాత ట్రాక్టరుకు కొత్త గేరు: గుర్తులు తప్పితే ముప్పే

మదనపల్లె: దుక్కి అదునులో పాత హెచ్.ఎం.టి. ట్రాక్టరు టైమింగు గేరు పళ్లు విరిగితే రైతుకు చిక్కులు రెండు. మొదటిది గేరు దొరకడం. చెకోస్లోవేకియా సహకారంతో 1971లో పింజోరులో మొదలైన ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. కనుక మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతులు దొరికిన గేరును పాతదాని పక్కన పెట్టి, పళ్లు లెక్కపెట్టి మరీ కొనడం మేలు.

రెండోది బిగింపు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. గేర్లపై గుర్తులు కలపకుండా బిగిస్తే వాల్వులు పిస్టనుకు తగిలి వంగవచ్చు. విరిగిన పళ్ల ముక్కలు ఆయిలు చాంబరులో మిగలరాదు. స్టార్టు చేసేముందు ఇంజను ఎక్కడా తట్టకుండా తిరుగుతోందా అని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఇక్కడ తొందరపడితే గేరుతో పోయేది ఇంజను దాకా వస్తుంది.