పిల్లల బొమ్మలు దాచడం ఎందుకు? ఎలా?

మూడు నాలుగేళ్ల పిల్లలు మనిషిని గీస్తే తలకాయకే కాళ్లు మొలుస్తాయి. "పొట్టేదిరా?" అని నవ్వేస్తాం. నిజానికి అందులో తప్పేమీ లేదు. ఏ దేశపు పిల్లలైనా ఆ వయసులో ఇంచుమించు ఇలాగే గీస్తారు. ఐదారేళ్లకు పొట్ట వస్తుంది, కాగితం అడుగున నేల గీత వస్తుంది, పైఅంచున ఆకాశం నీలం పట్టీలా వస్తుంది. ఇల్లు గీస్తే గోడ అడ్డున్నా లోపలి మంచం, దాని మీద పడుకున్న నాయనమ్మ కనిపిస్తారు. పిల్లలు కంటికి కనబడేదాన్ని కాక తమకు తెలిసినదాన్ని గీస్తారని ఫ్రాన్స్ దేశస్థుడు ల్యూకే 1927లోనే పుస్తకం రాసి వివరించాడు. తొమ్మిది పదేళ్లకు ఉన్నది ఉన్నట్టు రావాలన్న పంతం మొదలవుతుంది. అలా రాక చాలామంది బొమ్మలే మానేస్తారు. పొట్ట లేని ఆ మనిషిని మళ్లీ గీయమన్నా ఇక గీయలేరు. దాచమనేది అందుకే.

కొచ్చిలో క్లింట్ అనే బాబు 1983లో ఏడేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. అప్పటికే వేలాది బొమ్మలు వేశాడు. అమ్మానాన్నలు వాటిని భద్రపరచబట్టే లోకం చూడగలిగింది.

దాచేముందు కొన్నాళ్లు గోడకూ తగిలించండి. బీరువాలో పెడితే చాలదా, గోడకెందుకు అంటారా? తాము చేసిన పనికి ఇంట్లో చోటుందని పిల్లలకు తెలియాలి. కాబట్టి వాళ్ల కళ్లకు అందే ఎత్తులోనే పెట్టండి. రెండు మేకుల మధ్య పురికొస కట్టి బట్టల క్లిప్పులతో తగిలించినా సరిపోతుంది. కొత్తది వచ్చినప్పుడు ఏది దించాలో వాళ్లనే చెప్పనివ్వండి. బహుమతి వచ్చిన బొమ్మకే గోడ ఎక్కే యోగం అనుకోవడం మాత్రం నాకు నచ్చదు.

ఎండ పడే గోడ వద్దు, స్కెచ్‌పెన్ రంగులు త్వరగా వెలిసిపోతాయి. సెల్లో టేపు అంటిస్తే కొన్నేళ్లకు దాని జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ చేయిస్తే మళ్లీ విడదీయలేం, పైగా ఆ వేడికి క్రేయాన్ మైనం కరుగుతుంది. క్రేయాన్ బొమ్మలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో బటర్ పేపరు వేసి, చుట్టకుండా, మడవకుండా అట్ట ఫైలులో పరిచి ఉంచండి. చెమ్మ తగిలే అటక మీద పెట్టకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఒకటుంది. "బాగుంది" అని ఊరుకోకుండా "ఇదేంటో చెప్పు కన్నా" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, తేదీ, వయసుతో సహా కాగితం వెనక పెన్సిలుతో మెల్లగా రాయండి. నల్లటి గీతల గుట్ట చూసి మనం వాననుకుంటాం. వెనక "తాతయ్య బండి చప్పుడు" అని ఉంటే తప్ప ఇరవై ఏళ్లకు ఆ కాగితం ఎవరికీ అర్థం కాదు, గీసిన పిల్లకు కూడా.

అన్నీ దాచలేం, నిజమే. నెలకో రెండు మూడు పిల్లలచేతే ఎంపిక చేయించి, తక్కినవి పగటి వెలుగులో కిటికీ పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. ఫ్లాష్ వద్దు, మైనం మెరిసి గీతలు కనబడవు.