తూకం ఒకటే... ఛార్జీ మాత్రం ఊరికో తీరు!
పచ్చడి పార్సిలుకు దూరం దెబ్బ

రాజమహేంద్రవరం: ఇరవై గ్రాముల లోపు ఉత్తరానికి 5 రూపాయల బిళ్ల అంటిస్తే చాలు. పక్క వీధికైనా, శ్రీనగర్‌కైనా అదే ధర. ఆవకాయ డబ్బాకు మాత్రం ఆ భాగ్యం లేదు. తూకంతోపాటు అది వెళ్లే దూరానికీ లెక్క కట్టాల్సిందే.

ఒకప్పుడు ఉత్తరాలదీ ఇదే దారి. 1837 చట్టం కింద బరువునూ, దూరాన్నీ బట్టి వసూలు చేసేవారు. 1854 అక్టోబరు 1 నుంచి పావు తులం ఉత్తరానికి దేశమంతటా అర్ధణాయే అయింది. గుప్పెడు కాగితాన్ని ఎంత దూరం మోసినా పెరిగే ఖర్చు స్వల్పం. కిలోల బరువు అలా కాదు. దూరం పెరిగేకొద్దీ రైలు, లారీ, విమానం ఖర్చు పెరుగుతుంది. అందుకే స్పీడ్ పోస్టులో దూరాన్ని జోన్లుగా విడదీశారు.

కిలో పచ్చడి, సీసా, అట్టపెట్టె కలిపి 1,200 గ్రాములు తూగాయనుకుందాం. 2012 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా ఉన్న రేట్ల ప్రకారం ఆ పార్సిలుకు ఊళ్లోనే అయితే 50 రూపాయలు, 200 కిలోమీటర్ల లోపున్న ఏలూరుకు 80, హైదరాబాదుకు 120, ఢిల్లీకి 160, శ్రీనగర్‌కు 190 రూపాయలు పడేది. పన్ను అదనం. 'పోస్టేజీతో కలిపి ఇంత' అని అందరికీ ఒకే ధర చెప్పే ఇంటి వ్యాపారులకు ఏలూరు పార్సిలులో మిగిలింది ఢిల్లీ పార్సిలులో పోతుంది.

2025 అక్టోబరు 1న రేట్లు మారాయి. అంతకుముందు 201 నుంచి 1,000 కిలోమీటర్ల దాకా ఒకటే జోన్. ఇప్పుడది 500 దగ్గర రెండుగా చీలింది. 251 నుంచి 500 గ్రాముల లోపు కాగితాల కవరుకు ఊళ్లో 28, 200 కిలోమీటర్ల దాకా 70, 500 దాకా 75, 1,000 దాకా 82, 2,000 దాకా 86, ఆపైన 93 రూపాయలు. దీనికీ పన్ను అదనమే. పాత రేట్ల కాగితం చూసి లెక్క వేసుకునేవారు జాగ్రత్త పడాలి.

దూరాన్ని తగ్గించలేం కానీ, తూకం మన చేతిలోనే ఉంది. పాత రేట్లలో ప్రతి అరకిలోకూ, అందులో భాగానికీ పూర్తి రుసుమే. పై పార్సిలును సరిగ్గా కిలోకు కుదిస్తే ఢిల్లీకి 40 రూపాయలు మిగిలేవి. ఒకే ఇంటికి వెళ్లే రెండు డబ్బాలను విడివిడిగా పంపితే 320, కలిపి కడితే 240 రూపాయలే అయ్యేది.

పూతరేకుల సంగతి వేరు. అవి తేలిక, పెట్టె పెద్దది. చాలా ప్రైవేటు కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు తూకం కన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో రెండు కిలోల సరుకే ఉన్నా 4.8 కిలోలుగా లెక్క పడుతుంది. ఖాళీ చోటుకూ కిరాయి కట్టినట్టే!

బేరం కుదుర్చుకునే ముందే కట్టిన పెట్టెను తూచి, చేరాల్సిన ఊరి పిన్‌కోడు చెప్పి కౌంటరులో ధర అడగడం మేలు.